అంబాసిడర్ కుదుపులకు మందు.. ముందు మరమ్మతు, తర్వాతే మార్పు

పాత కారును మళ్లీ రోడ్డెక్కించేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

గూడూరు: పెళ్లికొడుకును ఊరేగించాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న మహిళను రాత్రివేళ బందరు ఆసుపత్రికి చేర్చాలన్నా, అధికారులు పర్యటనకు రావాలన్నా ఒకప్పుడు కృష్ణా డెల్టా పల్లెల్లో కారంటే అంబాసిడరే. దాని తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. అయినా తండ్రి, తాతల గుర్తుగా దానిని షెడ్డులో భద్రపరుచుకున్న కుటుంబాలు ఉన్నాయి. అలాంటి బండిని మళ్లీ నడపాలనుకున్నప్పుడు ఇంజిన్‌ను బాగుచేయించి, రంగు వేయించి అంతటితో సరిపెట్టుకోవడం కనిపిస్తుంది. రోడ్డెక్కిన తర్వాత బండి ఊగుతోందనో, వెనుక భాగం కూలబడిందనో గుర్తించి కమాను కట్టలో అదనపు పట్టీ వేయిస్తుంటారు. అసలు లోపం అరిగిన బుష్‌లలో ఉంటే ఈ వైద్యం రోగాన్ని కప్పిపుచ్చుతుందే తప్ప నయం చేయదు.

నిర్మాణం ఇదీ..

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ అంబాసిడర్‌ను రూపొందించింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957 నుంచి దీన్ని తయారుచేశారు. దశాబ్దాలు గడిచేకొద్దీ ఇంజిన్లు మారాయి. ముందు జల్లెడ, దీపాలు, లోపలి అమరిక మారాయి. బండి ఒడ్డూ పొడుగూ మాత్రం పెద్దగా మారలేదు.

ఈ కారులో ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ కదులుతాయి. వాటి బరువును మోసేది చుట్టల స్ప్రింగ్ కాదు, టోర్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ. బండి అడుగున ముందు నుంచి వెనక్కు అమర్చిన ఈ కడ్డీ ఒక చివర కింది చేతికి, రెండో చివర బాడీకి బిగించి ఉంటుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా కడ్డీ మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. వెనుక ఇరుసు కింద కమాను కట్టలు ఉంటాయి. లారీల్లో, ఎడ్లబండ్లను పోలిన ట్రాక్టరు ట్రక్కుల్లో కనిపించే పట్టీల అమరిక వంటిదే ఇదీ.

స్ప్రింగ్ పని కుదుపును స్వీకరించడం వరకే. ఆ తర్వాత బండి పదేపదే ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. లోపలి నూనె సన్నని దారుల గుండా ఒత్తిడితో వెళ్లడం వల్ల ఊపులోని శక్తి వేడిగా మారి పోతుంది. తొలినాటి బండ్లలో లివర్ రకం షాక్ అబ్జార్బర్లు, తర్వాతి వాటిలో గొట్టం ఆకారపు టెలిస్కోపిక్ రకం వచ్చాయి. లివర్ రకంలో ముందు వైపు దాని చేయే చక్రాన్ని పై నుంచి పట్టి ఉంచుతుంది. దాని ఇరుసు వదులైతే కుదుపు పెరగడమే కాదు, చక్రం నిలువు కూడా తప్పుతుంది.

డెల్టా నేలతో చిక్కు

కృష్ణా డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. దానిపై వేసిన గ్రామీణ రహదారులు అలలు అలలుగా కుంగడానికి ఇదొక ముఖ్య కారణం. విజయవాడ - మచిలీపట్నం జాతీయ రహదారిపై సాఫీగా వచ్చిన బండి గూడూరు వద్ద లోపలి ఊళ్ల దారి పట్టగానే దాని అసలు స్థితి బయటపడుతుంది. నున్నని రోడ్డు మీద అరిగిన బుష్ చప్పుడు చేయదు. కాలువ గట్టు మీద మాత్రం దాచుకోలేదు.

రెండో చిక్కు ఉప్పుగాలి. మచిలీపట్నం, దివిసీమ వైపు సముద్రం మీదుగా వీచే తేమగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది. కమాను కట్టలు వేలాడే కొక్కేల చోట, టోర్షన్ బార్ బిగించిన చోట రేకు తుప్పు తింటే ఎంత ఖరీదైన కొత్త సామాను వేసినా దాన్ని పట్టి ఉంచే ఆధారం ఉండదు. అందుకే తనిఖీ అక్కడి నుంచే మొదలు కావాలి.

లోపం గుర్తించేదిలా..

బండిని చదునైన గచ్చుపై నిలిపి నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలవాలి. ఎడమ, కుడి కొలతల మధ్య స్పష్టమైన తేడా ఉంటే ఆ వైపు కడ్డీ గానీ, కమాను గానీ బలం కోల్పోయిందని అనుమానించాలి. తర్వాత ఒక్కో మూలను గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి నిలిస్తే మంచిదే. రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్లే. దాని చుట్టూ నూనె మరకలున్నాయేమో చూడాలి.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండుపై భద్రంగా నిలిపాక టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక కనిపిస్తే మరొకరు బ్రేకు తొక్కి పట్టగా మళ్లీ ఊపాలి. అప్పుడు కదలిక పోతే లోపం చక్రం బేరింగుదని, పోకుంటే మెకానిక్‌లు కింగ్‌పిన్ అని పిలిచే మలుపు పిన్ను వద్దనో, బుష్‌ల వద్దనో ఉందని గ్రహించవచ్చు. ఎడమ, కుడి పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆట కనిపిస్తే స్టీరింగ్ కీళ్లను చూడాలి. ఈ భాగాలు విరిగితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది. అందుకే మలుపు పిన్ను అరుగుదలను సాధారణ చప్పుడుగా కొట్టిపారేయరాదు.

టైరు కూడా సాక్ష్యం చెబుతుంది. ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్లు, చుట్టూ గుంతలు గుంతలుగా అరిగితే షాక్ అబ్జార్బర్ బలహీనపడినట్లు భావించాలి.

పని వరుస ముఖ్యం

మొదట తుప్పు తొలగించి, తినేసిన చోట కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయించాలి. ఆ తర్వాత రబ్బరు బుష్‌లన్నీ మార్చాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండిలో రబ్బరు అరగకపోయినా ఎండి పగులుతుంది. కొత్త బుష్‌ల బోల్టులను బండి గాలిలో ఉండగానే పూర్తిగా బిగించడం తరచూ జరిగే పొరపాటు. చక్రాలు నేలకు ఆని, బండి బరువు వాటిపై పడిన తర్వాతే చివరి బిగింపు ఇవ్వాలి. లేకుంటే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది.

టోర్షన్ బార్ విప్పడం తెలిసిన చేతికే అప్పగించాలి. మెలిపడి ఉన్న కడ్డీలో చాలా శక్తి దాగి ఉంటుంది. కింది చేతికి జాకీ ఆధారం లేకుండా విప్పితే అది విసురుగా విడివడి ప్రాణాపాయం కలిగించగలదు. ఎడమ కడ్డీని కుడి వైపు వేయరాదు. ఏ వైపు మెలికకు అలవాటుపడింది ఆ వైపే పనిచేయాలి. కడ్డీపై గీతలు, తుప్పు గుంటలు ఉంటే అక్కడి నుంచే విరిగే ప్రమాదం ఉంది. ముందు భాగం కొద్దిగా కుంగితే కడ్డీ వెనుక చివర బిగింపును సర్ది ఎత్తు సరిచేయవచ్చు. పెట్రోలు ఇంజిన్ తీసి బరువైన డీజిల్ ఇంజిన్ పెట్టిన బండ్లలో ఈ సర్దుబాటు తప్పనిసరిగా చూసుకోవాలి.

కమాను కట్టలను విప్పి, పట్టీల మధ్య తుప్పు గీకి, పగిలిన పట్టీని మార్చి, వంపు పోయిన వాటికి మళ్లీ వంపు తెప్పించాలి. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాస్తే కిర్రుమనే చప్పుడు తగ్గుతుంది. యూ బోల్టులు, సెంటర్ బోల్టు కొత్తవే వేయాలి. సెంటర్ బోల్టు తెగితే వెనుక ఇరుసు పక్కకు జరిగి బండి వంకరగా నడుస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను మరోసారి బిగించాలి. షాక్ అబ్జార్బర్లను ఎప్పుడూ జతగానే మార్చాలి. అన్నీ అయ్యాక చివరగా అలైన్‌మెంట్ చేయించాలి. ముందే చేయిస్తే ఆ ఖర్చు వృథా.

కొత్త బండి తయారీ ఆగినందున విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బుష్‌లు, కమాను పని చేయించుకునే వీలుంది. పాత భాగాన్ని నమూనాగా వెంట తీసుకెళ్లడం, దాన్ని వెంటనే పాత ఇనుముకు వేయకుండా దాచుకోవడం మేలు.

అదనపు పట్టీతో అనర్థం

వెనుక పట్టీ పెంచితే బండి ఎత్తుగా కనబడుతుంది. కానీ ఖాళీగా వెళ్లేటప్పుడు వెనుక చక్రాలు గుంతలపై ఎగిరిపడతాయి. తడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు ఆ చక్రాలకు పట్టు తగ్గి బండి తిరగబడినట్లు జారవచ్చు. నిత్యం బరువు మోసే బండికి తప్ప ఇంటి అవసరాల కారుకు ఇది అక్కరలేదు.

లివర్ రకం స్థానంలో టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు పెట్టాలనుకునేవారు రెండు విషయాలు గమనించాలి. ముందు వైపు పాత లివర్ చేయి చక్రాన్ని పట్టి ఉంచుతుంది కనుక దాన్ని తీసివేయరాదు. కొత్త దాన్ని బిగించే చోటు ఆ ఒత్తిడిని తట్టుకునేంత బలంగా ఉండాలి. పలుచని రేకుకు వెల్డింగ్ చేస్తే కొద్ది కాలానికే చీలుతుంది. గట్టి పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువ కాలం మన్నుతాయి గానీ ప్రతి గతుకునూ సీటు దాకా చేరవేస్తాయి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం వాహన మౌలిక స్వరూపం మారేలా మార్పులు చేయరాదు. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అరిగిన భాగం స్థానంలో అదే రకం కొత్తది వేయడం మార్పు కిందికి రాదు. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ జరిపి ఐదేళ్లకోసారి పునరుద్ధరిస్తారు. 2014లో రిజిస్టరైన చివరి అంబాసిడర్లకు కూడా 2029లో ఈ గడువు రానుంది.

యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగని బండ్లకే ఆ గుర్తింపు లభిస్తుంది. వాటిని నిత్యం రోడ్లపై తిప్పేందుకు అనుమతి లేదు. నేడు తొందరపడి కోసి, అతికించిన బండి రేపు ఆ అర్హత కోల్పోవచ్చన్నమాట. బాడీకి కోత పడే ఏ పనికైనా ముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దా విచారించుకోవడం శ్రేయస్కరం.

గ్రీజు మరవొద్దు

ఇంత ఖర్చు చేశాక బండిని నిలబెట్టేది గ్రీజు గన్నే. ముందు చక్రాల వద్ద ఉన్న నిపుల్స్‌కు క్రమం తప్పక, పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. వానాకాలంలో నీటిలో నడిచిన తర్వాత, ముఖ్యంగా ఉప్పునీటి ముంపు దాటిన తర్వాత బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగి మళ్లీ గ్రీజు పెట్టాలి. తాతల నాటి బండి మనవళ్ల దాకా నడవాలంటే దానికి కావాల్సింది కొత్త హంగులు కాదు.. అరిగినదాన్ని అరిగినప్పుడే మార్చే శ్రద్ధ.