సంకెళ్లు తెంచుకున్న నేలపై రాజమహల్

హైతీ ఉత్తర ప్రాంతంలో, కాప్ హైతియన్ నగరానికి దక్షిణంగా, కొండల అంచున మిలో అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ రెండు పాయలుగా పైకెక్కే విశాలమైన మెట్లు, వాటి వెనుక కప్పులేని ఇటుక గోడలు కనిపిస్తాయి. అదే సాన్ సూసీ. ఒకప్పటి రాజు ఆన్రీ క్రిస్టోఫ్ నివాసం.

అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉన్న ఈ నేలపై 1791లో బానిసలు తిరగబడ్డారు. ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ పోరాటంలో సేనానిగా ఎదిగిన క్రిస్టోఫ్ 1811లో ఉత్తర హైతీకి రాజయ్యాడు. 1810లో మొదలైన మహల్ నిర్మాణం 1813 నాటికి ఓ రూపానికొచ్చింది.

నిర్మాణ శైలి యూరప్‌దే అయినా, దాన్ని అక్కడి ఎండలకు తగ్గట్టు మలిచారు. గాలి ఆడేలా వరసగా ఎత్తయిన కమాను ద్వారాలు పెట్టారు. కొండ వాగు నీటిని కాలువల్లో మళ్లించి, గదుల నేల కింద పారించి చల్లదనం తెచ్చారు. గారపూత రాలిపోయిన గోడల్లో ఇటుకల వరసలు ఇప్పుడు విడివిడిగా కనిపిస్తాయి.

ఇది రాజు కాపురముండే భవనం మాత్రమే కాదు, పాలనా కేంద్రం కూడా. ఇక్కడే రాజ ముద్రణాలయం నడిచింది. నల్లజాతివారిని తక్కువ చేసే యూరప్ రాతలకు జవాబుగా బారన్ ద వాస్తే అనే రచయిత రాసిన కొన్ని పుస్తకాలు ఇక్కడ అచ్చయ్యాయి. మాటతోనూ ఇటుక గోడతోనూ క్రిస్టోఫ్ చెప్పదలచింది ఒకటే: మేమూ మీతో సమానులమే.

ఈ వైభవం వెనుక చీకటీ ఉంది. పొలాల్లోనూ నిర్మాణాల్లోనూ ప్రజలతో బలవంతంగా పని చేయించారు. 1820లో పక్షవాతం రాజును కుంగదీసింది, సైన్యం ఎదురుతిరిగింది. అక్టోబరు 8న ఈ మహల్‌లోనే ఆయన తుపాకీతో కాల్చుకుని ప్రాణం తీసుకున్నాడు. శవాన్ని కొండపైనున్న సిటాడెల్ కోటకు మోసుకెళ్లారు. మహల్‌ను దోచుకున్నారు. మిగిలినదాన్ని 1842 భూకంపం కూల్చేసింది.

1982లో యునెస్కో సాన్ సూసీని, సిటాడెల్‌ను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2020లో మహల్ పక్కనున్న పాత ప్రార్థనాలయం అగ్నికి ఆహుతైంది. హైతీ అంటే పేదరికం, విపత్తులేనన్న మాట మనకు తరచూ వినిపిస్తుంది. బానిసత్వాన్ని ఓడించిన జాతి తన కోసం కట్టుకున్న రాజమహల్ కూడా హైతీ చరిత్రేనని గుర్తుంచుకోవాలి. ఆ గోడలను కాపాడే బాధ్యత హైతీ ఒక్కదానిదే కాదు, ప్రపంచానిది.