తాబేళ్ల బొమ్మ - సంతకం విలువ

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అక్కడికి పనికి పోతుంటారు. వచ్చిపోయే పిల్లల సంచుల మీద, బనీన్ల మీద రకరకాల బొమ్మలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఆకుపచ్చ తాబేలు. అది మనిషిలాగా రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. కళ్ల చుట్టూ గుడ్డ పట్టీ ఉంటుంది. చేతిలో కత్తో, కర్రో ఉంటుంది.

ఈ తాబేలు ఎక్కడిది? ఎవరు పుట్టించారు?

ఇది ఒక బొమ్మల కథల పుస్తకంలో పుట్టింది. ఇలాంటి పుస్తకాన్ని కామిక్ అంటారు. ఇందులో ఒక్కో పేజీలో నాలుగైదు బొమ్మలు ఉంటాయి. మనుషుల మాటలను తెల్లటి బుడగలో రాస్తారు. మాటలు చిన్నవి, బొమ్మలు పెద్దవి. అందుకే కొత్తగా చదువు నేర్చినవాళ్లకు కూడా ఇది సులువు.

కథ ఏమిటి?

నాలుగు తాబేలు పిల్లలు మురికి కాలువలో పడతాయి. అక్కడ వాటికి ఒక రసాయనం అంటుకుంటుంది. దాంతో అవి పెద్దవై, మాటలు నేరుస్తాయి. ఒక ఎలుక వాటికి గురువు. అది వాటికి యుద్ధ విద్య నేర్పుతుంది. అవి దుర్మార్గులతో పోరాడతాయి.

ఇది నిజంగా జరుగుతుందా? జరగదు. రసాయనం కలిసిన నీళ్లలో చేపలు, తాబేళ్లు చస్తాయి. వాటికి బలం రాదు. పంచతంత్రంలో తాబేలు హంసలతో మాట్లాడుతుంది గదా! ఇదీ అలాంటి కల్పనే. ఈ మాట పిల్లలకు కూడా చెప్పాలి.

ఇద్దరి కష్టం

అమెరికాలో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లయర్డ్ అని ఇద్దరు యువకులు ఉండేవారు. 1983లో ఒక రాత్రి ఈస్ట్‌మన్ నవ్వులాటకు ఒక తాబేలు బొమ్మ గీశాడు. లయర్డ్ ఇంకో బొమ్మ గీశాడు. అలా నాలుగు తాబేళ్లు పుట్టాయి.

వాళ్లకు ఆఫీసు లేదు. ఇంట్లోనే కూర్చుని పని చేసేవారు. అందుకే తమ కంపెనీకి ఎండమావి అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం నుంచి తిరిగి వచ్చిన పన్ను డబ్బు కొంత ఉంది. దగ్గరి బంధువు దగ్గర అప్పు తెచ్చారు. 1984 మేలో సుమారు 3,000 పుస్తకాలు అచ్చు వేశారు. రంగులు లేవు, నలుపు తెలుపే. కొన్ని వారాల్లోనే పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి. మళ్లీ అచ్చు వేశారు.

1987లో ఆ కథ టీవీలోకి వచ్చింది. 1990లో సినిమా వచ్చింది. బొమ్మలు, బనీన్లు దేశదేశాలకు పోయాయి. కథ మీద హక్కు ఆ ఇద్దరిదే. కాబట్టి లాభంలో వాటా వాళ్లకు అందింది. తరువాత ఈస్ట్‌మన్ తన వాటాను లయర్డ్‌కు అమ్మాడు. 2009లో హక్కులు ఒక పెద్ద టీవీ కంపెనీకి పోయాయి. ధర సుమారు 6 కోట్ల డాలర్లు.

ఇంకో ఇద్దరి కథ

అంతకు చాలా ముందే అమెరికాలో ఇంకో ఇద్దరు యువకులు సూపర్‌మ్యాన్ అనే వీరుణ్ణి పుట్టించారు. వాళ్లు జెర్రీ సీగెల్, జో షుస్టర్. ఆకాశంలో ఎగిరే ఆ వీరుడు లోకమంతా తెలుసు. 1938లో వాళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ముట్టింది 130 డాలర్లు. హక్కులన్నీ కంపెనీకి పోయాయి. కంపెనీ కోట్లు గడించింది. వాళ్లు కోర్టుకు పోయినా సూపర్‌మ్యాన్ మీద హక్కు తిరిగి రాలేదు. ముసలితనం దగ్గరపడ్డాక, 1975లో, ఏడాదికి 20,000 డాలర్ల పింఛను దొరికింది.

వాళ్లు చదువు రానివాళ్లు కాదు. కథలు రాసినవాళ్లే! అయినా ఒక్క సంతకంతో అంతా పోయింది.

మన సంగతి

విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టూ భూముల ధరలు పెరిగాయి. అమ్మకం కాగితాలు, అప్పు కాగితాలు, పని ఒప్పందాలు మన ముందుకు వస్తాయి. "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని తొందర చేసేవాళ్లు ఉంటారు. అప్పుడు ఏం చేయాలి?

కాగితం మొత్తం చదవాలి. అర్థం కాకపోతే నమ్మకమైన వాళ్లతో చదివించుకోవాలి.

పేరు, సర్వే నంబరు, ఎన్ని గుంటలు, ఎంత డబ్బు - ఈ నాలుగూ సరిచూసుకోవాలి.

ఖాళీ కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని పెట్టకూడదు.

ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

అనుమానం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. ఆదాయం ఎంత ఉన్నా సరే, ఆడవాళ్లందరికీ ఈ హక్కు ఉంది.

సంతకం నేర్చుకోవడం గొప్పే. ఎక్కడ పెట్టకూడదో తెలుసుకోవడం ఇంకా గొప్ప.

మాట్లాడుకుందాం

1. తాబేళ్లను పుట్టించినవాళ్లకు లాభం ఎందుకు అందింది?

2. సూపర్‌మ్యాన్‌ను పుట్టించినవాళ్లు ఏం పోగొట్టుకున్నారు?

3. మీ ఇంట్లో ఉన్న ఒక కాగితం తెచ్చి, అందరూ కలిసి చదవండి. అందులో ఏం రాసి ఉంది?