కొండయేటిలో ఈకల ఈగతో చేపవేట



మన పల్లెలలో చిన్ననాడు గాలము వేయనివారు అరుదు. ఒక వెదురుకఱ్ఱ, కొంత దారము, ఒక జీలుగుబెండు, గుప్పెడు వానపాములు ఉన్న చాలును. చెఱువుగట్టుమీద ఒక పూట తెలియకుండ గడచిపోవును. ఈ దినమున నేను మీకు మనవి చేయబోవునది వేఱొక విధమగు గాలము. దీనికి బెండు లేదు, గుండు లేదు, వానపాము లేదు. కోడి యీకతోను పట్టుదారముతోను కట్టిన బూటకపు ఈగ యొక్కటియే దీనికి ఎఱ. చల్లని కొండయేళ్ళలో ట్రౌటు అను చేపను పట్టుటకు దీనిని వాడుదురు. కొన్ని యేండ్ల క్రిందట కాశ్మీరదేశమున లిద్దరు నదియొడ్డున నేనీ విద్యను కొంత నేర్చుకొంటిని. అక్కడ చూచినదానిలో మన చెఱువులకును వాగులకును పనికివచ్చు సంగతి యొకటి కలదు. దానిని చివర విన్నవించెదను.

లిద్దరు నదికి రెండు పాయలు. ఒకటి కొలహాయి హిమానీనదమునుండియు, రెండవది శేషనాగ సరస్సు వైపునుండియు దిగివచ్చి, 7,000 అడుగులకు పైబడిన ఎత్తున పహల్‌గాం వద్ద కలిసికొనును. అచ్చటినుండి లోయవెంట పాఱి, అనంతనాగు సమీపమున జీలము నదిలో పడును. ఈ జీలమే మన ప్రాచీనులు వితస్త యనిన నది. మంచు కరగి వచ్చిన నీరు గావున మండువేసవిలో సైతము కాలు పెట్టిన జివ్వుమనును. ట్రౌటునకు కావలసినది అట్టి నీరే. నీటి వేడి 20 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో దానికి కష్టము. 25 దాటినచో ప్రాణసంకటము. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరగియుండుటయు, ఱాళ్ళమీద దుమికి నురుగులు గ్రక్కు నీటిలో గాలి మిక్కిలిగా కలియుటయు ఇందులకు కారణములు. కావున మన గోదావరీ కృష్ణలలో ఈ చేప బ్రతుకజాలదు.

ఆశ్చర్యమేమనగా, ఈ చేప కాశ్మీరమునకు పుట్టుచేప కాదు. ఐరోపానుండి తెచ్చినది. 1899లో బెడ్‌ఫర్డు ప్రభువు పంపిన గ్రుడ్లు త్రోవలోనే చచ్చిపోయెను. 1900లో మరల పంపగా అవి ప్రాణముతో చేరెను. శ్రీనగరమున తివాచీల కర్మాగారము నడుపుచుండిన మిచెల్ అను స్కాట్లండు దేశస్థుడు వానిని హార్వాన్ వద్ద పొదిగించి, పిల్లలను ఏళ్ళలో విడిపించెను. చేపగ్రుడ్లు అంత దూరము ఎట్లు వచ్చినవని మీరడుగవచ్చును. ట్రౌటు గ్రుడ్డు చలిలో మెల్లగా ఎదుగును. నీరు 10 డిగ్రీలున్న సుమారు 40 దినములకు పిల్ల వెలువడును. 5 డిగ్రీలేయున్న 80 దినములు పట్టును. తడినాచులో పొదివి, మంచుగడ్డల చలువలో ఉంచినచో ఓడప్రయాణమంతయు గ్రుడ్డులోనే గడచిపోవును.

మన పూర్వపు మద్రాసు రాజధానిలోను ఇట్టి ప్రయత్నము జరిగినది. నీలగిరులలో ట్రౌటును పెంపవలెనని ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు 1860 తరువాతి దశాబ్దమున పాటుపడి విఫలుడయ్యెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో విల్సన్ అనునతడు వానవిల్లు ట్రౌటు అను వేఱొక జాతిని తెచ్చి కృతకృత్యుడయ్యెను. అయితే పరదేశపు చేప వచ్చుటచే నష్టము లేకపోలేదు. కాశ్మీరపు ఏళ్ళలో సైజోథొరాక్సు అను స్వదేశపు చేపలు కలవు. తిండికిని తావునకును ట్రౌటు వానితో పోటీపడినది. క్రొత్త చేపను తెచ్చునపుడు ఉన్న చేప ఏమగునో ముందుగా ఆలోచింపవలెనను మాట ఆ తరమువారికి తట్టలేదు.

ఇక ఈగ సంగతి. ఏటి అడుగున ఱాతిని ఎత్తిచూచిన, దాని క్రిందివైపున చిన్నపురుగులు ప్రాకుచుండును. అందు మేఫ్లై అను ఈగ పిల్ల యొకటి. అది నెలల తరబడి, తఱచుగా ఒక సంవత్సరము, నీటిలోనే పెరుగును. తుదకు ఒకనాడు నీటిపైకి తేలి, తోలు విడిచి, ఱెక్కలు విప్పి ఎగిరిపోవును. ఱెక్కలు వచ్చిన తరువాత దానికి తినుటకు నోరు పనిచేయదు. ఒకటిరెండు దినములలో జతకూడి, నీటిపై గ్రుడ్లు విడిచి, చచ్చి ప్రవాహమున పడిపోవును. అడుగున ఉన్నప్పుడు, పైకి తేలునప్పుడు, ఱెక్కలార్చుకొనునప్పుడు, చచ్చి తేలునప్పుడు, ఈ నాలుగు దశలలోను ట్రౌటు దానిని కాచుకొని తినును. వేటకాడు తెలిసికొనవలసినది ఆ పూట చేప ఏ దశలోని పురుగును తినుచున్నదో యనియే. తేలు ఈగకు కోడిపుంజు మెడమీది బిరుసు ఈకలను కొక్కెముచుట్టు చుట్టుదురు. ఆ యీకల కొనలు నీటి పైపొరమీద నిలిచి దానిని తేల్చును. మునుగు ఈగకు మెత్తని ఈకలు వాడుదురు. ఇది క్రొత్త విద్య కాదు. మాసిడోనియా దేశపు జాలరులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడి యీకలు రెండు కట్టి చేపలను పట్టుచుండిరని ఈలియన్ అను రచయిత సుమారు 1,800 సంవత్సరముల క్రిందటనే వ్రాసెను. మన దేశపు పుంజుల మెడ ఈకలును ఈ పనికై విదేశములకు ఎగుమతి యైనవి.

ఈగకు బరువు లేదు గదా, దూరమునకు విసరుట ఎట్లు? మన గాలములో గుండు దారమును లాగుకొనిపోవును. ఇందులో దారమే బరువు. అది లావుగా నుండి కొనవైపు సన్నగిల్లును. బండివాని చెర్నాకోలను తలచుకొనుడు. చేతికదలిక తోలువెంట ప్రాకి, సన్నని కొనకు చేరి ఛెళ్ళుమనును. ఇదియు అట్లే. కఱ్ఱను వెనుకకు విసరి, దారము వెనుక పూర్తిగా చాచుకొనువఱకు ఆగి, అప్పుడు ముందునకు విసరవలెను. ఆగకున్న దారము చిక్కుపడును. బలమున్నవాడు ఇందు తఱచుగా ఓడిపోవును. నేను మొదటి రెండు దినములు నా టోపీని, వెనుకనున్న చెట్టుకొమ్మను తప్ప వేఱేమియు పట్టలేదు.

చేప ఎక్కడ నుండునో ఎఱుగుట మఱొక విద్య. ట్రౌటు ప్రవాహమునకు ఎదురుగా తల పెట్టి నిలుచును. వడినీటిలో నిలిచిన దాని బలము వ్యర్థమగును. నిలువనీటిలో తిండి రాదు. కావున పెద్దఱాతి మఱుగున నీరు నెమ్మదించిన తావున ఉండి, ప్రక్కనే పోవు వడినీటిలోని పురుగును అందుకొనును. అది నీటిలోనుండి పైలోకమును ఒక గుండ్రని కిటికీగుండ చూచును. ఆ కిటికీకి వెలుపల నీటి పైభాగము అద్దమువలె ఏటి అడుగునే చూపును. ఒడ్డున నిటారుగా నిలిచినవాడు ఆ కిటికీ అంచున కనబడును. వంగి, వెనుకనుండి, దిగువనుండి ఎగువకు నడచువాడు కనబడడు. ఈగ నీటిపై పడిన తరువాత దానిని దారము లాగరాదు. ఆకు తేలినట్లు తేలవలెను. కొంచెము ఈడ్చినను చేప అనుమానించి తిరిగిపోవును.

మూడవనాటి సాయంకాలము నా ఈగ ఒక ఱాతిప్రక్కన తేలిపోవుచుండగా నీరు చిన్నగా చీలెను. కఱ్ఱ వంగెను. మెల్లగా ఒడ్డునకు తెచ్చి చూడగా, ఎఱ్ఱని చుక్కలతో మెఱయుచు జానెడు చేప. నా సంతోషమునకు మేర లేదు. నాకు తోడుగా వచ్చిన ముసలి వేటగాడు కఱ్ఱమీది గుఱుతుతో దానిని కొలిచి, తల ఊపి, "సాహెబ్, ఇది చిన్నది. విడిచిపెట్టవలెను" అనెను. అక్కడ నదిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు అనుమతి చీటి యిచ్చుదురు. ఎన్ని చేపలను, ఎంత పొడవు గలవానిని పట్టవచ్చునో నియమము కలదు. చలికాలమున, అవి గులకఱాళ్ళలో గుంట త్రవ్వి గ్రుడ్లుపెట్టు తఱిని, వేట పూర్తిగా నిషిద్ధము. నేను కొంచెము బ్రతిమాలితిని. చూచువారెవ్వరును లేరంటిని. అతడు నవ్వి, "నాకు మనుమడు గలడు సాహెబ్; వాడును ఈ పనియే చేయవలెను గదా" అనెను. చేయి తడుపుకొని పట్టుమనెను. పొడిచేయి తగిలిన చేపమీది జిగురుపొర ఊడి దానికి తెగులు వచ్చునట. తల ఎగువకు త్రిప్పి నీటిలో పట్టితిని. కొంతసేపటికి అది తోక ఆడించి వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు మా యూరి వాగు జ్ఞప్తికి వచ్చినది. నా చిన్ననాడు వేసవిలో దానిలో మూడు మడుగులు ఎండక మిగులుచుండెను. ఒక యెండకాలమున మా యూరి పడుచువాండ్రు పురుగులమందు డబ్బా నొకదానిని ఒక మడుగులో గ్రుమ్మరించిరి. తట్ట పట్టుకొని గట్టుమీద నిలిచినవాడను నేనే. చేపలు తెల్లని పొట్టలతో తేలినవి. పెద్దవానిని ఏరుకొంటిమి. వ్రేలెడేసి పిల్లలు, రొయ్యలు, కప్పలు అన్నియు అక్కడనే క్రుళ్ళినవి. పిమ్మట నాలుగైదేండ్లు ఆ మడుగులో గాలము వేసినవానికి బెండు కదలలేదు. నీటిలో విషము కలుపుటను, మందుగుండు ప్రేల్చుటను 1897వ సంవత్సరపు భారత మత్స్యశాసనమే నేరమని చెప్పినది. మాలో ఆ సంగతి నెఱిగినవాడు లేడు. ఎఱిగిన పెద్దలు చెప్పలేదు.

మనకు ట్రౌటు లేదు, అక్కఱయు లేదు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు, కొరమేను మనకు కలవు. బొచ్చెయు శీలావతియు వానాకాలపు వఱదనీటిలో గ్రుడ్లు పెట్టును. కొరమేనైతే తల్లిదండ్రులు రెండును ఎఱ్ఱని పిల్లలగుంపును వెన్నంటి కాచును. ఆ గుంపును చూచి తల్లిని పట్టినవాడు వందలకొలది పిల్లలను ఇతర చేపల వాత వేసినవాడగును. కావున నా మనవి మూడు మాటలు. తొలివఱదలకు చేపలు ఎదురెక్కునప్పుడు అలుగు కడ వలలు కట్టనీయకుడు. పిల్లలతోనున్న కొరమేనును విడువుడు. వేసవిలో మిగిలిన మడుగులలో ఒకదానిని ఎవ్వరును ముట్టకుండ కట్టుబాటు చేయుడు. అనుమతి చీటి లేకున్నను, కావలివాడు లేకున్నను, మీ రచ్చబండ మాట కట్టుబాటునకు చాలును.

లిద్దరు ఒడ్డున ఆ ముసలివాడు నాకు చెప్పినది మా యూరిలో ఆ దినమున ఒక పెద్ద చెప్పియుండిన, నేను తట్ట క్రింద పెట్టియుందును. మీ యూరి పిల్లలకు మీరు చెప్పుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.