పీసీఆర్‌కు దొరకని గొర్రె రోగం

శ్రీశైలం రోడ్డు మీద కందుకూరు దాటుతుంటే గొర్రెల మంద అడ్డొచ్చి బండి ఆపాల్సి రావడం మామూలే. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మనదే మొదటి స్థానం, దాదాపు 1.90 కోట్లు. వీటి రోగాలు తేల్చే ల్యాబుల్లో ఉద్యోగాలుంటాయన్న ఆలోచనే బీటెక్ చదివేటప్పుడు నాకు రాలేదు. బ్లాగు కోసం పీసీఆర్ మెషిన్ల గురించి చదువుతూ ఒక రోగం దగ్గర ఆగిపోయా. పేరు స్క్రేపీ. పీసీఆర్ దీన్ని పట్టుకోలేదు!

ఎందుకంటే ఇందులో వైరస్ లేదు, బ్యాక్టీరియా లేదు. గొర్రె మెదడులో సహజంగా ఉండే ప్రియాన్ ప్రొటీనే తప్పుగా మడత పడి, పక్కనున్న మంచి ప్రొటీన్లనూ తనలాగే మార్చేస్తుంది. అమైనో ఆమ్లాల వరుస అదే, ఆకారమే వేరు. ప్రియాన్ అనే పేరు 1982లో పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ వచ్చింది. రోగకారకంలో డీఎన్‌ఏ లేదు కాబట్టి పీసీఆర్‌కు పని లేదు. శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించదు కాబట్టి రక్తంలో యాంటీబాడీలూ దొరకవు. లక్షణాలు బయటపడేసరికి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఒళ్లు గోడకేసి రుద్దుకోవడం, ఉన్ని ఊడటం, తూలుతూ నడవడం. చికిత్స లేదు.

మరి ఎలా తేలుస్తారు? చనిపోయిన గొర్రె మెదడు కాండంలో, వెన్నుపాము మొదలయ్యే దగ్గర ఒబెక్స్ అనే చిన్న చోటు ఉంటుంది. అసలు పరీక్ష అక్కడి కణజాలం మీదే. కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో పెట్టి, పల్చటి పొరలుగా కోసి, యాంటీబాడీలతో రంగు తెప్పించి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఇంకొంత పచ్చి కణజాలంతో వెస్టర్న్ బ్లాట్ చేస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. ప్రొటీనేజ్-కె అనే ఎంజైమ్ మంచి ప్రొటీన్‌ను పూర్తిగా జీర్ణం చేసేస్తుంది, మడత తప్పినదాని మధ్యభాగం మాత్రం మిగులుతుంది. ఎంజైమ్ సరిగా పనిచేయకపోతే ఆరోగ్యమైన గొర్రె కూడా పాజిటివ్‌గా కనిపించొచ్చు.

బతికున్న గొర్రెలో మూడో కనురెప్ప నుంచో, పురీషనాళం లోపలి పొర నుంచో చిన్న ముక్క తీయొచ్చు. కానీ అన్ని జన్యు రకాల గొర్రెల్లోనూ అక్కడ ప్రియాన్లు చేరవు. 1998లో నార్వేలో గుర్తించిన మరో రకమైతే చిన్నమెదడులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క ఒబెక్స్‌తో సరిపెట్టుకుంటే అది తప్పించుకుపోవచ్చు.

మన దేశంలో ఈ రోగం గురించి జ్లాట్నిక్, కటియార్ 1961లోనే రాశారు, హిమాలయాల పాదాల దగ్గరి గొర్రెల్లో. ఇక్కడి మందలో గొర్రె తూలుతోందంటే మాత్రం ముందు రేబిస్, లిస్టీరియా, మెదడులో తిత్తులు చూడాలి. స్క్రేపీ మనుషులకు సోకుతుందన్న ఆధారాల్లేవు, రేబిస్ మాత్రం ప్రాణం తీస్తుంది. అందుకే తల కోసేవారికి టీకా, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ప్రియాన్లు ఫార్మలిన్‌కూ, స్పిరిట్‌కూ లొంగవు. బల్ల శుభ్రం చేయడానికి సోడియం హైడ్రాక్సైడో, గాఢమైన బ్లీచో కావాలి.

ఉద్యోగాల సంగతికొస్తే, రిపోర్టు రాసేది పాథాలజీలో ఎంవీఎస్సీ చేసినవాళ్లు. అంతకుముందు ఐదున్నరేళ్ల బీవీఎస్సీ ఉండాలి. కణజాలం కోయడం, రంగు వేయడం ల్యాబ్ టెక్నీషియన్ల పని, బ్లాట్లకు బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలు పనికొస్తారు. మాలాంటి బీటెక్‌లకు శాంపిల్ రికార్డుల సాఫ్ట్‌వేర్, స్లైడ్ స్కానర్లు ఉన్నాయి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, శాంతినగర్‌లో పశువుల టీకాలు తయారుచేసే సంస్థ, చెంగిచర్ల మాంస పరిశోధన సంస్థల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఇంటర్వ్యూలో "నెగటివ్ వస్తే గొర్రెకు రోగం లేనట్టేనా?" అని అడిగితే అవునని చెప్పకండి. ఏ కణజాలం తీశారు, గొర్రె వయసెంత అని ముందు మీరే అడగండి.