జంగు మీద పుట్టీ పూస్తే పైసలు మిగలయి

మా నాయిన కిరాయికి నడిపిన అంబాసిడర్ ఇంకా మా ఇంటి ముందటనే ఉన్నది. నిరుడు వానకాలం దాంట్ల కూసుంటే కాళ్లకు తడి తగిలింది. రబ్బరు మ్యాటు లేపి చూసిన. నేల రేకుల అరచెయ్యంత బొక్క! కింద రోడ్డు కనవడుతున్నది.

అసలు బాధ వేరే ఉన్నది. అంతకు రెండేండ్ల కిందనే ఒక షెడ్డుల ముప్పై వేలు పెట్టి రంగు ఏయించిన. పైన అద్దం లెక్క మెరిసింది. లోపట మాత్రం జంగు గీకకుంట దాని మీదనే పుట్టీ పూసిండ్రు. తప్పంతా వాళ్లదే అని నేను అనను. "తక్కువల తక్కువ ఎంతకు చేస్తరన్నా" అని బేరం చేసింది నేనే. ఏ పని చేయాల్నో నాకే తెల్వకపాయె, ఇగ వాళ్లను ఏమని అడుగుదు? పాత బండ్లున్నోళ్లకు ఈ తెల్వనితనమే అన్నిటికంటే పెద్ద ఖర్చు. అందుకే నేను నేర్చుకున్నది నలుగురికి చెప్తున్న.

ఇనుముకు నీళ్లు, గాలి రెండూ తాకితే జంగు పడ్తది. ఉప్పు తోడైతే ఇంకా జోరుగ పడ్తది. విశాఖ, కాకినాడ దిక్కు బండ్లను సముద్రపు గాలి తింటది. మన దిక్కు ఉప్పుగాలి లేకున్నా తడిసిన మ్యాట్లు, చక్రాల పైన పేరుకున్న బురద, డోర్ల అడుగున మూసుకపోయిన నీళ్ల రంధ్రాలు అదే పని చేస్తయి. జంగు పట్టిన ఇనుము ఉబ్బుతది, రంగును పైకి లేపుతది. రంగు మీద బుడగ కనవడ్డదంటే లోపట తినుడు ఎప్పుడో షురువైనట్టే.

ఇంకో సంగతి. అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి లారీ లెక్క కింద వేరే చాసిస్ ఉండది. రేకుల డబ్బానే బండి బరువంతా మోస్తది. డోర్ల కింద పొడుగ్గ ఉండే పట్టీలు, నేల రేకు, జాకీ పెట్టే చోటు, వెనుక స్ప్రింగులు తగిలే చోటు గట్టిగ ఉండాలె. అక్కడ జంగు ఉంటే అది అందం ముచ్చట కాదు, పానం ముచ్చట. పైసలు తక్కువుంటే ముందుగాల అక్కడనే పెట్టాలె. రంగు వచ్చే ఏడాది ఏయించుకోవచ్చు.

బండిని మేస్త్రి దగ్గరికి తోలకముందే మీరే పరీక్ష చేసుకోండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద తిప్పండి. అతుక్కోని చోట పుట్టీ మందంగ ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ పిడితోని తట్టండి. గట్టి రేకు ఖంగుమంటది, కుళ్లింది బొంగురు చప్పుడు చేస్తది. పైపైన ఉన్న జంగైతే వైరు బ్రష్షుతోని గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్ రాసి, ప్రైమర్ కొడితే చాలు. రేకుకు బొక్క పడ్డదంటే మాత్రం మందుతోని పోదు. మంచి రేకు తగిలేదాక కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే.

మరి ఆ పని చేసేటోళ్లు ఏడ దొరుకుతరు? ఏసీ షోరూములల్ల కాదు. వనస్థలిపురం ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ అసోంటి చోట్ల, జిల్లా కేంద్రాలల్ల పాత టాక్సీలు ఆగే అడ్డాల పక్కన అడగండి. పాత సామాన్లకు పుత్లీబౌలి తిరగండి. "రంగు మంచిగ ఏసేదెవరు" అని అడిగితే ఒక షెడ్డు చూపెడ్తరు, "రేకు పని చేసే ముసలి ఉస్తాద్ ఎవరు" అని అడిగితే ఇంకోటి చూపెడ్తరు. మీకు కావాల్సింది రెండోది.

ఉస్తాద్‌ను నాలుగు మాటలు అడగండి. కుళ్లిన రేకు కోస్తరా, మీదికెళ్లి అతుకు ఏస్తరా? ఎన్ని గేజుల రేకు ఏస్తరు? బయటి రేకుకు 20 గేజు, బరువు మోసే చోట 18 గేజు సరిపోతది. సీఓటూ వెల్డింగ్ ఉన్నదా? పల్చటి రేకును చుక్క చుక్కగ అతకాలె, ఒక్కతీరుగ లాగితే వేడికి వంకరపోతది. డోర్ల కింద పట్టీ కోసేటప్పుడు బండికి కింద ఆసరా పెడ్తరా? పెట్టకుంటే బాడీ కుంగి డోర్లు పట్టయి. ఆఖరిగ ఒక షరతు పెట్టుకోండి: వెల్డింగ్ అయినంక నేను చూసేదాక పుట్టీ పెట్టొద్దు. పైసలు కూడ కోత, వెల్డింగ్, రంగు అని మూడు కిస్తీలల్ల ఇయ్యండి. ఇద్దరికీ భరోసా ఉంటది.

ఖర్చు తగ్గాల్నంటే కూలీ కొయ్యొద్దు, పని పంచుకోండి. సీట్లు, మ్యాట్లు తీసుడు, బురద కడుగుడు, జంగు గీకుడు మనమే చేసుకోవచ్చు. సెలవు రోజుల్ల నేను అట్లనే చేసిన. ఉస్తాద్ టైము కోతకు, వెల్డింగుకే పోయింది. పని అయినంక అతుకుల మీద సీలర్, లోపలి సందులల్ల మైనం తీరు మందు కొట్టించుకోవాలె. నీళ్ల రంధ్రాలు మాత్రం మూయొద్దు.

వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయించండి, పెట్రోల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దించాల్సిందే. ఇంకో మాట. జస్తా పూత ఉన్న రేకును కాలిస్తే వచ్చే పొగ పీల్చినోళ్లకు జరం వస్తది. పుట్టీ గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులల్లకే పోతది. మన బండి దగ్గర పనిచేసే పోరగానికి ఒక మంచి మాస్కు, కండ్లకు అద్దాలు కొనిస్తే మన బడ్జెట్ ఏం మునగది.

అంబాసిడర్ల తయారీ 2014ల బందైంది. 2017ల ఆ పేరును ఫ్రెంచి కార్ల కంపెనీ పూజో 80 కోట్లకు కొన్నది. ఉత్త పేరుకే అంత ధర! ఆ బండిని దశాబ్దాల పాటు రోడ్డు మీద నిలబెట్టిన చేతులకు పింఛనీ లేదు, సర్టిఫికెట్ లేదు. మా బండికి రేకు కట్టిన ఉస్తాద్‌కు అరవై దాటినయి, ఆయన దగ్గర నేర్చుకునేటోడు ఒక్కడు లేడు. ఐటీఐలల్ల వెల్డర్ ట్రేడ్ చదివే పిల్లలను ఇసోంటి ఉస్తాద్‌ల దగ్గరికి జీతమిచ్చి పంపితే ఇద్దరూ బతుకుతరు. సర్కారుకు ఇది పెద్ద పని కాదు.

ఈ వానకాలం మా బండి నేల తడవలే. ఈసారి అయిన ఖర్చు మొదటిసారి రంగుకు పెట్టినదానికంటే జర ఎక్కువనే. కానీ మొదట్ల పెట్టినయి నీళ్లల్ల పోయినయి, ఇప్పుడు పెట్టినయి బండి కింద ఉన్నయి.