స్టెంట్‌ వేశాక మొదలయ్యే కాపలా

పొట్టలో బృహద్ధమని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. పొగాకు, బీపీ, వయసు కలిసి దాని గోడను బలహీనపరిస్తే ఒకచోట ఉబ్బుతుంది. మగవారిలో ఆ ఉబ్బు 5.5 సెంటీమీటర్లకు చేరితే చికిత్స చేస్తారు. 1990లో బ్యూనస్‌ ఎయిర్స్‌ సర్జన్‌ హువాన్‌ పరోడి పొట్ట కోయకుండా, గజ్జలోని ధమని గుండా స్టెంట్‌ గ్రాఫ్ట్‌ పంపి రక్తానికి లోపల్నుంచే కొత్త దారి వేశారు. టైరులో ట్యూబు పెట్టినట్టన్నమాట.

అయితే ఉబ్బిన గోడను తీసేయరు, అది అక్కడే ఉంటుంది. గ్రాఫ్ట్‌ను తప్పించుకుని రక్తం మళ్లీ ఆ సంచిలోకి చేరితే అది ఎండోలీక్‌. గ్రాఫ్ట్‌ కొసలు గోడకు సరిగా అతకకపోయినా, దాని భాగాల అతుకు ఊడినా రక్తం పూర్తి ఒత్తిడితో సంచిని తాకుతుంది. ఇక ఆగకూడదు. బెలూన్‌తో కొసను అదిమి పెడతారు, చాలకపోతే మరో ముక్క జోడిస్తారు, ఒక్కోసారి పొట్ట కోయక తప్పదు. నడుము దగ్గరి చిన్న ధమనుల నుంచి వెనక్కి కారే రక్తం వేరు. సీటీలో రంగుమందు ఎక్కించి కాస్త ఆగి తీసిన బొమ్మలో, గ్రాఫ్ట్‌ బయట చిన్న తెల్లమచ్చగా కనిపిస్తుంది. చాలాసార్లు దానంతటదే మూసుకుంటుంది. సంచి పెరుగుతుంటే మాత్రం సన్నని తీగచుట్టలతోనో జిగురుమందుతోనో ఆ దారి మూస్తారు.

ఈ లీకుల్లో చాలావాటికి నొప్పి ఉండదు. బ్రిటన్‌లో 1999లో మొదలైన ఈవార్‌-1 అధ్యయనంలో, ఎనిమిదేళ్లు దాటాక, పొట్ట కోసి ఆపరేషన్‌ చేయించుకున్నవారికంటే స్టెంట్‌ గ్రాఫ్ట్‌ వేయించుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. సంచి పగలడం అందుకు ఒక ముఖ్య కారణం. అందుకే బాగానే ఉన్నా ఏటా సంచి కొలత చూసుకుంటూ ఉండాలి.

భూపాలపల్లి నుంచి హైదరాబాద్‌ 200 కిలోమీటర్ల పైమాటే. “మంచిగనే ఉన్న కదా, మళ్ల పట్నం ఎందుకు?” అని పెద్దాయన అంటే తప్పుపట్టలేం. కానీ సంచి కొలతకు పట్నమే పోనక్కర్లేదు, పొట్ట అల్ట్రాసౌండ్‌ చాలు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఏటా ఈ కొలత తీసి పాతదాంతో పోల్చే ఏర్పాటు అక్కడే ఉండాలి. 5 మిల్లీమీటర్లు మించి పెరిగితే అప్పుడు సీటీకి, సర్జన్‌ దగ్గరికి పంపాలి.

ఇంట్లో ఎవరికైనా ఈ గ్రాఫ్ట్‌ ఉంటే డిశ్చార్జి కాగితం, సీటీ సీడీ భద్రంగా దాచండి. కాలు చల్లబడినా, నడుస్తుంటే పిక్క పట్టేసినా, జ్వరం వదలకపోయినా డాక్టర్‌కు చూపించండి. పొట్టలోనో నడుములోనో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే 108కి ఫోన్‌ చేసి, గ్రాఫ్ట్‌ ఉందని మొదటి మాటలోనే చెప్పండి.