గ్లేజు మిశ్రమాలలో దొరకని ముడిపదార్థాలకు ప్రత్యామ్నాయాలు: ఆక్సైడుల లెక్క, దాని పరిమితులు

సంగ్రహం:
మట్టిపాత్రల గ్లేజు మిశ్రమంలో పేర్కొన్న ఖనిజం దొరకనప్పుడు ప్రత్యామ్నాయాన్ని ఎంచుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఎంపికకు పదార్థం పేరు కాక, అది బట్టీలో మిగిల్చే ఆక్సైడులే ఆధారమని, అయితే ఆ లెక్క ఒక్కటే చాలదని నిరూపించడం దీని ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం
గ్లేజు అంటే మట్టిపాత్రపై కరిగి అతుక్కున్న పలుచని గాజు పొర. గ్లేజు మిశ్రమాలు చాలావరకు అవి పుట్టిన ప్రాంతపు గనులను బట్టి రూపొందాయి. అమెరికన్ మిశ్రమాలలో తరచుగా కనిపించే గర్‌స్ట్లీ బోరేట్ కాలిఫోర్నియాలో లభించిన బోరాన్ ఖనిజం. 2000 ప్రాంతంలో దాని గని మూతపడడంతో అక్కడి కళాకారులే ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది. అటువంటి మిశ్రమాన్ని మన కళాశాల బట్టీలో ప్రయోగించదలచినవారికి ఈ సమస్య మొదటినుంచీ ఉన్నదే.

2. ఆక్సైడుల లెక్క
జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ జెగర్ (1839–1893) గ్లేజులోని ఆక్సైడులను ద్రవీకారకాలు, అల్యూమినా, సిలికా అనే వర్గాలుగా చూశాడు. ద్రవీకారకాల మోల్‌ల మొత్తాన్ని 1గా తీసుకొని మిగిలినవాటిని దానితో పోల్చడం ఆయన సూత్రం. దీని ప్రకారం ఒక ఖనిజం స్థానాన్ని రెండు మూడు పదార్థాలు కలిసి నింపవచ్చు.

ఉదాహరణకు, మిశ్రమంలో 20 భాగాల డోలమైటు ఉన్నదనుకుందాం. శుద్ధ డోలమైటు నుంచి 6.1 భాగాల కాల్షియం ఆక్సైడు, 4.4 భాగాల మెగ్నీషియం ఆక్సైడు మిగులుతాయి. తక్కినది బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. అదే కాల్షియం 10.9 భాగాల కాల్షియం కార్బనేటు నుంచి, అదే మెగ్నీషియం 13.7 భాగాల టాల్క్ నుంచి లభిస్తాయి. టాల్క్‌తో పాటు 8.7 భాగాల సిలికా అదనంగా వస్తుంది కనుక, మిశ్రమంలోని పలుగురాయి పొడిని అంతమేరకు తగ్గించాలి. ఈ తగ్గింపును మరచిపోతే గ్లేజు సరిగా కరగకపోవచ్చు. సహజ ఖనిజాలు శుద్ధంగా ఉండవు కనుక, విక్రేత ఇచ్చే రసాయన విశ్లేషణతో లెక్కను సవరించుకోవాలి.

3. పేరులోని పోలిక
కొన్ని మాట్ గ్లేజులలో వాడే బేరియం కార్బనేటు విషపదార్థం. దాని స్థానంలో స్ట్రాన్షియం కార్బనేటును బరువులో 0.75 వంతు వాడితే మోల్‌ల సంఖ్య సమానమవుతుంది. అయితే బేరియం ఇచ్చే ప్రత్యేకమైన నీలి ఛాయలు యథాతథంగా రాకపోవచ్చు. ఇక్కడ మరొక ఆలోచన కలగవచ్చు. కడప ప్రాంతంలోని మంగంపేట ముగ్గురాయిలో కూడా బేరియం ఉన్నది కదా! కాని ముగ్గురాయి బేరియం సల్ఫేటు. అది కార్బనేటు వలె సులభంగా విడిపోదు. విడిపోయినప్పుడు వెలువడే గంధక వాయువులు పొరలో బుడగలను కలిగించవచ్చు. మూలకం ఒకటే అయినా పదార్థం ఒకటి కాదు.

4. లెక్కకు అందనివి
గర్‌స్ట్లీ బోరేట్ ఇచ్చే బోరాన్, సోడియంలను వెలిగారం కూడా ఇస్తుంది. కాని వెలిగారం నీటిలో కరిగి, కాల్చిన మట్టి రంధ్రాలలోకి ఇంకిపోతుంది. నిలువ ఉంచిన గ్లేజులో స్ఫటికాలుగా పేరుకుంటుంది. అందుకే బోరాన్‌ను ముందుగా ఇతర ఆక్సైడులతో కరిగించి, గాజుగా మార్చి నూరిన ఫ్రిట్ రూపంలో వాడతారు. అట్లాగే పొటాష్ ఫెల్డ్‌స్పార్ బదులు సోడా ఫెల్డ్‌స్పార్ వాడితే గ్లేజు వ్యాకోచ గుణకం పెరిగి, చల్లారేటప్పుడు సన్నని పగుళ్లు రావచ్చు.

ఆహారపాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొత్త గ్లేజుపై నిమ్మచెక్కను రాత్రంతా ఉంచినప్పుడు రంగు మారితే అది ఆమ్లానికి తట్టుకోలేదని అర్థం. రంగు మారకపోవడం మాత్రం సురక్షితమనడానికి రుజువు కాదు. లోహాలు ఆహారంలోకి దిగుతున్నదీ లేనిదీ ప్రయోగశాల పరీక్షే తేల్చాలి.

5. ఉపసంహారం
ప్రత్యామ్నాయం ఎంపిక లెక్కతో మొదలై, బట్టీలో కాల్చిన పరీక్షా పలకతో ముగియాలి. ఒక్కొక్క పరీక్షలో ఒక్క పదార్థాన్నే మార్చి, తూకం, విశ్లేషణ, కాల్చిన ఉష్ణోగ్రత నమోదు చేసుకోవాలి. అప్పుడు విఫలమైన పలక కూడా తరువాతి విద్యార్థికి ఆధారంగా నిలుస్తుంది.